ప్లేఆఫ్స్ చివరి బెర్త్ ఎలా తేలుతుంది? 12 పాయింట్లతో సన్‌రైజర్స్ గట్టెక్కిన లెక్క ఇదే..

లీగ్ చివరి వారం వచ్చిందంటే చాలు.. అందరి చేతుల్లో కాలిక్యులేటర్లే. "మనోళ్లు ఇంకా రేసులో ఉన్నారా?" అన్న ఒక్క ప్రశ్నే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. జహీరాబాద్‌లో అయితే ఈ గొడవ ఇంకాస్త ఎక్కువ. ఇటు వంద కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్, అటు పక్కనే కర్ణాటక సరిహద్దు, బీదర్. ఒకే టీ కొట్టు దగ్గర సన్‌రైజర్స్ ఫ్యాన్, ఆర్‌సీబీ ఫ్యాన్ పక్కపక్కనే నిలబడి ఒకరి ఓటమి కోసం ఇంకొకరు ఎదురుచూసే సీజన్ ఇది.

ఇంతకీ చివరి బెర్త్ ఎలా తేలుతుంది? ప్రపంచంలో దీనికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి లెక్కతో తేల్చడం.. అంటే మన ఐపీఎల్ పద్ధతి. రెండోది మళ్లీ మ్యాచ్ ఆడించి తేల్చడం.. అమెరికాలో బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ పద్ధతి. మన హైదరాబాద్ జట్లు మొదటి దారిలో గట్టెక్కాయి, మునిగాయి కూడా. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

6 గెలుపులు, 8 ఓటములు.. అయినా ప్లేఆఫ్స్‌కు!

2019 ఐపీఎల్. అప్పట్లో 8 జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. సన్‌రైజర్స్ హైదరాబాద్ 6 గెలిచింది, 8 ఓడింది. అంటే గెలిచిన వాటి కంటే ఓడినవే ఎక్కువ. వచ్చింది 12 పాయింట్లు. అంతకుముందు ఐపీఎల్‌లో 12 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కు వెళ్లిన జట్టే లేదు.

పైగా సీజన్ చివర్లో మనవాళ్ల పరిస్థితి చూస్తే ఎవరికైనా ఆశ పోయేదే. ఓపెనర్లు డేవిడ్ వార్నర్, జానీ బెయిర్‌స్టో ఇద్దరే ఆ సీజన్‌లో జట్టును మోశారు. వన్డే ప్రపంచకప్ దగ్గరపడటంతో బెయిర్‌స్టో ఏప్రిల్ 23 మ్యాచ్ తర్వాత, వార్నర్ ఏప్రిల్ 29 మ్యాచ్ తర్వాత వెళ్లిపోయారు. ఆ ఇద్దరూ లేకుండా ఆడిన చివరి రెండు మ్యాచ్‌లూ పోయాయి. మే 2న ముంబైలో మనీష్ పాండే చివరి బంతికి సిక్స్ కొట్టి స్కోరు సమం చేస్తే.. సూపర్ ఓవర్‌లో ఓడిపోయాం. మే 4న బెంగళూరులో ఆర్‌సీబీ చేతిలో 4 వికెట్ల తేడాతో ఓటమి. అప్పటికే రేసులో లేని ఆర్‌సీబీ.. మన కొంప ముంచినంత పని చేసింది.

ఇక చేతిలో ఏమీ లేదు. మే 5 రాత్రి వాంఖడేలో కోల్‌కతా, ముంబై మ్యాచ్. కోల్‌కతా గెలిస్తే 14 పాయింట్లతో నేరుగా లోపలికి.. సన్‌రైజర్స్ ఇంటికి. ఆ రోజు హైదరాబాద్ అభిమానులంతా రోహిత్ శర్మ అభిమానులైపోయారు! కోల్‌కతా 20 ఓవర్లలో 133 పరుగులే చేసింది. ముంబై ఒక్క వికెట్ కోల్పోయి 16.1 ఓవర్లలో కొట్టేసింది.

అదే రోజు పంజాబ్ కూడా చెన్నైని ఓడించింది. దాంతో హైదరాబాద్, కోల్‌కతా, పంజాబ్.. మూడు జట్లూ 12 పాయింట్ల దగ్గరే ఆగాయి. ఉన్నది ఒకే బెర్త్. అప్పుడు చూసిందే నెట్ రన్‌రేట్. హైదరాబాద్‌ది ప్లస్ 0.577. కోల్‌కతాది ప్లస్ 0.028. పంజాబ్‌ది మైనస్ 0.251.

ఇంకో విచిత్రం.. ఆ సీజన్‌లో టేబుల్ టాపర్ ముంబై నెట్ రన్‌రేట్ ప్లస్ 0.421. అంటే 8 మ్యాచ్‌లు ఓడిన సన్‌రైజర్స్‌దే మొత్తం టేబుల్‌లో అత్యుత్తమ రన్‌రేట్!

ఉప్పల్‌లో రెండు రోజులే కాపాడాయి

ఇదెలా సాధ్యం? నెట్ రన్‌రేట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. సీజన్ మొత్తంలో మీ జట్టు ఓవర్‌కు సగటున ఎన్ని పరుగులు చేసిందో చూస్తారు. ప్రత్యర్థులు మీ మీద ఓవర్‌కు సగటున ఎన్ని చేశారో చూస్తారు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే నెట్ రన్‌రేట్.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జట్టు ఆలౌట్ అయితే ఎన్ని ఓవర్లు ఆడిందన్నది లెక్కలోకి రాదు. 12 ఓవర్లకే కుప్పకూలినా పూర్తి 20 ఓవర్లు ఆడినట్టే భాగిస్తారు. అంటే ఆలౌట్ అయితే రెండు రకాల దెబ్బ.. పరుగులూ తక్కువ, భాగించే ఓవర్లూ ఎక్కువ. సూపర్ ఓవర్ పరుగులు ఇందులో కలవవు. వర్షంతో ఫలితం తేలని మ్యాచ్ కూడా ఈ లెక్కలోకి రాదు.

ఇప్పుడు 2019కి వద్దాం. మార్చి 31న ఉప్పల్‌లో ఆర్‌సీబీతో మ్యాచ్. బెయిర్‌స్టో 114, వార్నర్ 100 నాటౌట్. సన్‌రైజర్స్ 2 వికెట్లకు 231. ఆర్‌సీబీ 113కే ఆలౌట్. తేడా 118 పరుగులు. ఓవర్‌కు 11.55 మనది, 5.65 వాళ్లది. ఒక్క మ్యాచ్‌లోనే ప్లస్ 5.90.

రెండోది ఏప్రిల్ 21. అదే ఉప్పల్. ప్రత్యర్థి ఎవరో తెలుసా? చివర్లో మనతో బెర్త్ కోసం పోటీపడిన కోల్‌కతానే. వాళ్లు 20 ఓవర్లలో 159 చేశారు. మనవాళ్లు ఒక్క వికెట్ కోల్పోయి సరిగ్గా 15 ఓవర్లలో 161 కొట్టారు. అంటే ప్లస్ 2.78. ఈ మ్యాచ్ మనల్ని పైకి లేపడమే కాదు, కోల్‌కతాను అంతే బలంగా కిందికి లాగింది.

మిగతా 12 మ్యాచ్‌ల తేడాలను ఒక్కొక్కటిగా వేసి కూడి చూస్తే మొత్తం దాదాపు సున్నా దగ్గరే ఆగుతుంది. కాస్త ప్లస్, కాస్త మైనస్.. అన్నీ కొట్టేసుకుంటాయి. అంటే సన్‌రైజర్స్‌ను ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్లింది మే 5 రాత్రి కాదు. మార్చి 31, ఏప్రిల్ 21. ఆ రెండు రోజులూ ఎవరూ కాలిక్యులేటర్ తీయలేదు. 231 కొట్టాక కూడా మహ్మద్ నబీ 11 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు చూడండి.. అప్పటికి ఆ మ్యాచ్ ఎలాగూ గెలుస్తున్నదే. కానీ ఆ స్పెల్ విలువ తెలిసింది ఐదు వారాల తర్వాత.

ఆ తర్వాత కథ కూడా మన గడ్డ మీదే నడిచింది. మే 8న విశాఖలో ఎలిమినేటర్. సన్‌రైజర్స్ 162 చేస్తే, రిషబ్ పంత్ 21 బంతుల్లో 49 బాదాడు. ఒక బంతి మిగిలి ఉండగా ఢిల్లీ 2 వికెట్ల తేడాతో గెలిచింది. ఫైనల్ మే 12న ఉప్పల్‌లోనే జరిగింది.. మనవాళ్లు లేకుండా.

నాలుగో ప్లేస్‌తో కప్పు కొట్టిన డెక్కన్ ఛార్జర్స్

చివరి బెర్త్‌తో వెళ్లినవాళ్లు ఏం పీకుతారులే అనుకునేవాళ్లకు 2009 గుర్తుచేయాలి. అప్పటి హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్. 2008లో రెండంటే రెండే మ్యాచ్‌లు గెలిచి అట్టడుగున నిలిచింది. ఏడాది తిరిగేసరికి దక్షిణాఫ్రికాలో జరిగిన సీజన్‌లో 7 గెలుపులు, 7 ఓటములతో 14 పాయింట్లు. పంజాబ్‌కూ అవే 14 పాయింట్లు. నెట్ రన్‌రేట్‌తో నాలుగో స్థానం ఛార్జర్స్‌కు దక్కింది.

ఆ 14 పాయింట్లు కూడా ఊరికే రాలేదు. మే 16న కోల్‌కతాతో మ్యాచ్‌లో చివరి ఓవర్‌కు 21 పరుగులు కావాలి. బౌలర్ మష్రఫే మోర్తజా. క్రీజులో ఉన్నది రోహిత్ శర్మ.. అప్పుడు మన జట్టే మరి. చివరి బంతిని సిక్స్ కొట్టి గెలిపించాడు. ఆ ఓవర్ పోయి ఉంటే 12 పాయింట్లే, సెమీస్‌కు పంజాబే వెళ్లేది. సెమీస్‌లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టి టేబుల్ టాపర్ ఢిల్లీని ఇంటికి పంపాడు. మే 24న ఫైనల్లో ఆర్‌సీబీపై 6 పరుగుల గెలుపు. కప్పు హైదరాబాద్‌ది!

చివరి రోజు లెక్క తెలిసి ఆడితే..

ఒక్కోసారి లెక్క ముందే తెలిసిపోతుంది. అప్పుడు ఆట తీరే మారిపోతుంది. దీనికి సన్‌రైజర్స్ 2020 సీజన్ మంచి ఉదాహరణ. నవంబర్ 1న కోల్‌కతా 60 పరుగుల తేడాతో రాజస్థాన్‌ను ఓడించి 14 పాయింట్లకు చేరింది. నవంబర్ 2న ఆర్‌సీబీ, ఢిల్లీ తలపడ్డాయి. ఆర్‌సీబీకి అప్పటికే 14 ఉన్నాయి. ఆ జట్టు ఓడినా ఢిల్లీని 17.3 ఓవర్ల లోపు గెలవనివ్వకుంటే చాలు. ఢిల్లీ 19వ ఓవర్ చివరికి గెలిచింది. ఓడిన జట్టూ ప్లేఆఫ్స్‌కు వెళ్లిపోయింది! బయట నుంచి చూసేవాళ్లకు ఇదేం న్యాయం అనిపిస్తుంది కానీ, రూల్ అంటే రూలే.

మిగిలింది నవంబర్ 3, షార్జా. సన్‌రైజర్స్ గెలిస్తే లోపలికి, ఓడితే కోల్‌కతాకు ఛాన్స్. మనవాళ్ల రన్‌రేట్ బాగుంది కాబట్టి ఎంత తేడాతో అన్న గోల లేదు, గెలిస్తే చాలు. ముంబై అప్పటికే టాప్ ఖాయం చేసుకుని బుమ్రా, బౌల్ట్‌లకు రెస్ట్ ఇచ్చింది. 150 టార్గెట్‌ను వార్నర్ 85, సాహా 58 నాటౌట్‌గా నిలిచి వికెట్ పడకుండా 17.1 ఓవర్లలో ఊదేశారు. మూడు జట్లకు 14 పాయింట్లే అయినా సన్‌రైజర్స్ మూడో స్థానంలో కూర్చుంది.. మిగతా రెండింటి రన్‌రేట్ మైనస్‌లో ఉంటే మనది ప్లస్ 0.608.

ఇక ఈ లెక్కల చరిత్రలో అతి పిచ్చి సాయంత్రం అంటే 2014 మే 25 వాంఖడే. రాజస్థాన్‌ను దాటాలంటే ముంబై 190 టార్గెట్‌ను 14.3 ఓవర్లలోనే కొట్టాలి. కోరీ అండర్సన్ 44 బంతుల్లో 95. సరిగ్గా 14.3 ఓవర్లకు స్కోరు 189.. సమం! అయిపోయిందని రాజస్థాన్ సంబరాలకు సిద్ధమైంది. ఇంతలో లెక్కగాళ్లు లేచి చెప్పారు.. తర్వాతి బంతికి ఫోర్ కొట్టినా రన్‌రేట్ దాటుతుందని. ఆదిత్య తారే సిక్సే కొట్టాడు. గెలవడానికి ఒక్క పరుగు చాలు.. ప్లేఆఫ్స్‌కు మాత్రం బౌండరీ కావాలి. ఇలాంటి వింత క్రికెట్‌లో తప్ప ఇంకెక్కడ ఉంటుంది చెప్పండి!

9.4 ఓవర్లు.. రెండో స్థానం

రన్‌రేట్ ఉపయోగం చివరి బెర్త్‌కే కాదు. మొదటి రెండు స్థానాల్లో ఉంటే ఒక మ్యాచ్ ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. 2024 మే 8న ఉప్పల్‌లో లక్నో 165 చేస్తే, ట్రావిస్ హెడ్ 89, అభిషేక్ శర్మ 75 నాటౌట్‌లతో సన్‌రైజర్స్ 9.4 ఓవర్లలో 167 కొట్టి పడేసింది. ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటి ఉంది. 9.4 అంటే తొమ్మిది ఓవర్ల నాలుగు బంతులు. కాలిక్యులేటర్‌లో 9.4 అని కొడితే తప్పు వస్తుంది, 9.667 కొట్టాలి. అలా చూస్తే ఓవర్‌కు 17.28.. ఒక్క మ్యాచ్‌లో ప్లస్ 9 పైనే. మ్యాచ్‌కు ముందు మైనస్ 0.065గా ఉన్న రన్‌రేట్ ఒక్క రాత్రిలో ప్లస్ 0.406 అయింది.

ఆ తర్వాత గుజరాత్‌తో ఉప్పల్ మ్యాచ్ వానకు కొట్టుకుపోయింది. ఆ ఒక్క పాయింట్‌తోనే ప్లేఆఫ్స్ బెర్త్ ఖాయమైంది. మే 19న పంజాబ్‌పై గెలిచి 17 పాయింట్లు. అదే రాత్రి గువాహటిలో రాజస్థాన్, కోల్‌కతా మ్యాచ్ కూడా వాన పాలు కావడంతో రాజస్థాన్ కూడా 17 దగ్గర ఆగింది. రన్‌రేట్‌తో మనవాళ్లకు రెండో స్థానం. క్వాలిఫయర్ 1లో కోల్‌కతా చేతిలో ఓడినా క్వాలిఫయర్ 2లో అదే రాజస్థాన్‌ను 36 పరుగులతో ఓడించి ఫైనల్‌కు వెళ్లాం. మూడో స్థానంలో ఉండి ఉంటే ఆ రెండో ఛాన్స్ ఉండేది కాదు.

అదే వాన ఏడాది తిరిగేసరికి పగబట్టింది. 2025 మే 5, మళ్లీ ఉప్పల్. సన్‌రైజర్స్‌కు 10 మ్యాచ్‌ల్లో 6 పాయింట్లే. బౌలర్లు ఢిల్లీని 133కే కట్టడి చేశారు. గెలుపు ఖాయమనుకునేలోపు వాన.. మ్యాచ్ రద్దు. ఒక పాయింట్ వచ్చింది కానీ, మిగతావన్నీ గెలిచినా 13 దాటే దారి లేదు. అలా ఒక్క బంతి బ్యాటింగ్ చేయకుండానే రేసు నుంచి అవుట్. తమాషా ఏంటంటే ఆ తర్వాత ఆడిన మూడూ గెలిచారు. లక్నోపై 206 ఛేదించి ఆ జట్టును కూడా ఇంటికి పంపారు. ఆఖరి మ్యాచ్‌లో కోల్‌కతాపై 278 కొట్టి 110 పరుగుల తేడాతో గెలిచారు. ఆ రన్‌రేట్ ఎవరికి కావాలి అప్పుడు?

లెక్క వద్దు, మ్యాచ్ ఆడండి.. ఎన్‌బీఏ రూటే వేరు

ఇక బాస్కెట్‌బాల్. మన దగ్గర ఈ ఆటకు ప్రొఫెషనల్ లీగ్ ఇప్పుడిప్పుడే వేళ్లూనుతోంది. 2025లో జరిగిన ఐఎన్‌బీఎల్ ప్రో అండర్-25 లీగ్‌లో హైదరాబాద్ ఫాల్కన్స్ పేరుతో మన జట్టు కూడా ఆడింది. కానీ చివరి బెర్త్ డ్రామా చూడాలంటే ఎన్‌బీఏనే చూడాలి. డల్లాస్, బే ఏరియా వైపు ఉన్న మన తెలుగువాళ్లకు మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే ఇదే టెన్షన్.

30 జట్లు. ఈస్ట్‌లో 15, వెస్ట్‌లో 15. ఒక్కో జట్టుకు 82 మ్యాచ్‌లు. ఒక్కో వైపు నుంచి 8 జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. గెలుపులు సమానమైతే మొదట చూసేది పాయింట్ల తేడాను కాదు, ఆ రెండు జట్లు ముఖాముఖి తలపడినప్పుడు ఎవరు ఎక్కువ గెలిచారన్నది. ఎంత తేడాతో గెలిచావన్న లెక్క చివరాఖరుకు గానీ రాదు. మన నెట్ రన్‌రేట్ పద్ధతికి ఇది పూర్తిగా రివర్స్. 2019 ఐపీఎల్‌లో ముఖాముఖి చూసి ఉంటే? కోల్‌కతా, హైదరాబాద్ చెరో మ్యాచ్ గెలిచాయి. మళ్లీ మొదటికే వచ్చేది.

ఈ లీగ్‌లో 2018 ఏప్రిల్ 11న ఒక అరుదైన సంగతి జరిగింది. మిన్నెసోటా, డెన్వర్.. రెండు జట్లవీ 81 మ్యాచ్‌ల తర్వాత 46 గెలుపులు, 35 ఓటములు. 82వ మ్యాచ్ ఆ రెండింటి మధ్యే! గెలిచినవాళ్లు లోపలికి, ఓడినవాళ్లు బయటికి. అది కూడా ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. 112-106తో మిన్నెసోటా గెలిచి 2004 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది. 46 మ్యాచ్‌లు గెలిచిన డెన్వర్ ఇంట్లో కూర్చుంది.

అనుకోకుండా వచ్చిన అలాంటి రాత్రిని ప్రతి ఏడాదీ రప్పించే ఏర్పాటే ఇప్పటి 'ప్లే-ఇన్' టోర్నీ అనుకోవచ్చు. 2020లో కరోనా టైమ్‌లో ఫ్లోరిడాలో ఒక రూపంలో మొదలై, 2021 నుంచి ఇప్పటి పద్ధతిలోకి వచ్చింది. మొదటి 6 జట్లు నేరుగా ప్లేఆఫ్స్‌కు. 7, 8 స్థానాల జట్లు తలపడతాయి.. గెలిచినవాళ్లకు ఏడో బెర్త్. 9, 10 స్థానాలవాళ్లు తలపడతారు.. ఓడినవాళ్లు ఇంటికి. ఇక 7-8 మ్యాచ్‌లో ఓడిన జట్టు, 9-10 మ్యాచ్‌లో గెలిచిన జట్టు ఎనిమిదో బెర్త్ కోసం ఆడతాయి. అంటే ఏడు, ఎనిమిది స్థానాలవాళ్లకు రెండు ఛాన్సులు, తొమ్మిది, పది స్థానాలవాళ్లు రెండూ గెలవాల్సిందే.

ఇది మొదట్లో పెద్ద స్టార్లకే నచ్చలేదు. 2021లో లెబ్రాన్ జేమ్స్ అయితే ఈ ఐడియా ఎవరిదో గానీ వాళ్లను ఉద్యోగం నుంచి తీసేయాలన్నాడు. 72 మ్యాచ్‌లు ఆడి (ఆ ఏడాది అన్నే) ఏడో స్థానం సంపాదించినవాడిని మళ్లీ పరీక్ష రాయమంటే కోపం రాదా మరి. చివరికి అదే ప్లే-ఇన్‌లో గోల్డెన్ స్టేట్‌పై చివరి నిమిషంలో మూడు పాయింట్ల షాట్ కొట్టి 103-100తో లేకర్స్‌ను గెలిపించిందీ ఆయనే.

2023లో మయామీ హీట్ కథ మన డెక్కన్ ఛార్జర్స్‌ను గుర్తుచేస్తుంది. 7-8 మ్యాచ్‌లో అట్లాంటా చేతిలో ఓడింది. రెండో ఛాన్స్‌లో షికాగోపై 102-91తో గెలిచి ఆఖరి బెర్త్ పట్టింది. అక్కడి నుంచి టాప్ సీడ్ మిల్వాకీని 4-1తో, ఆపై న్యూయార్క్‌ను, బోస్టన్‌ను దాటి ఫైనల్స్ దాకా వెళ్లింది. ఎనిమిదో సీడ్ ఫైనల్స్‌కు వెళ్లడం 1999లో న్యూయార్క్ తర్వాత అదే. కప్పు మాత్రం డెన్వర్ ఎగరేసుకుపోయింది.

అదే మయామీ 2025లో 37 గెలుపులు, 45 ఓటములతో పదో స్థానంలో ఉండి, షికాగోను, అట్లాంటాను వరసగా ఓడించి లోపలికి వెళ్లింది. పదో స్థానం నుంచి ప్లేఆఫ్స్‌కు చేరిన మొదటి జట్టు అదే. ఆ తర్వాత క్లీవ్‌లాండ్ చేతిలో నాలుగుకు నాలుగూ చిత్తుగా ఓడింది. లెబ్రాన్ కోపంలో కొంత న్యాయం ఉందని ఇలాంటప్పుడే అనిపిస్తుంది.

ఆ ఏడాదే వెస్ట్‌లో ఏప్రిల్ 13, ఆఖరి రోజు. గోల్డెన్ స్టేట్ గెలిస్తే నేరుగా ప్లేఆఫ్స్. క్లిప్పర్స్‌తో మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లి 124-119తో పోయింది. 48 మ్యాచ్‌లు గెలిచిన జట్టు ఏడో స్థానానికి జారింది. రెండు రోజుల తర్వాత స్టెఫ్ కర్రీ 37, జిమ్మీ బట్లర్ 38 పాయింట్లు కొడితే గానీ మెంఫిస్‌ను దాటలేకపోయారు.

ఓడిపోవడానికే ఆడితే?

ఎన్‌బీఏలో ఈ రేసుకు ఇంకో చీకటి కోణం ఉంది. ప్లేఆఫ్స్‌కు వెళ్లని జట్లకు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ముందు వరస దొరికే అవకాశం ఉంటుంది. అందుకే కొన్ని జట్లు చివర్లో కావాలనే ఓడతాయి. ప్లే-ఇన్‌తో పదో స్థానం దాకా ఆశ నిలబెట్టడానికి ఒక కారణం ఇదే.

అయినా ఆగలేదు. 2023 ఏప్రిల్ 7న డల్లాస్‌కు పదో స్థానం అందుకునే దారి ఇంకా మూసుకుపోలేదు. అయినా ఆ రోజు షికాగోతో మ్యాచ్‌లో కైరీ ఇర్వింగ్ సహా ప్రధాన ఆటగాళ్లను పక్కన పెట్టింది. లూకా డాంచిచ్ మొదటి క్వార్టర్ దాటాక దాదాపు కనిపించలేదు. ఓడారు, బయటికెళ్లారు. డ్రాఫ్ట్ పిక్ మొదటి పదిలో వస్తేనే వాళ్ల దగ్గర ఉంటుంది, లేదంటే న్యూయార్క్‌కు ఇవ్వాలి.. అదీ అసలు సంగతి. లీగ్ 7.5 లక్షల డాలర్ల ఫైన్ వేసింది. పిక్ మాత్రం డల్లాస్ దగ్గరే మిగిలింది. టికెట్ కొనుక్కుని వెళ్లిన అభిమానికి ఎవరు సమాధానం చెబుతారు?

ఐపీఎల్‌లో ఈ జబ్బు లేదు. ఇక్కడ ఆటగాళ్లను వేలంలో కొనుక్కోవాలి, అడుగున ఉన్నవాడికి ప్రత్యేకంగా ఏమీ ఇవ్వరు. అందుకే 2019 ఆర్‌సీబీ, 2025 సన్‌రైజర్స్ లాంటి జట్లు రేసు నుంచి వెళ్లిపోయాక కూడా గట్టిగానే ఆడి ఇతరుల లెక్కలు తారుమారు చేస్తాయి. అయితే ఇక్కడ ఇంకో లోపం ఉంది. 10 జట్లయ్యాక అందరూ అందరితో సమానంగా ఆడట్లేదు. 14 మ్యాచ్‌ల్లో ఐదుగురితో రెండేసి, నలుగురితో ఒక్కోసారి. ఎవరికి సులువైన షెడ్యూల్ పడిందన్నది కూడా చివరి బెర్త్‌పై ప్రభావం చూపిస్తుంది.

కబడ్డీలోనూ ప్లే-ఇన్

ఎన్‌బీఏ ఐడియా మన కబడ్డీకి కూడా వచ్చేసింది. 2025లో జరిగిన ప్రో కబడ్డీ 12వ సీజన్‌లో 5 నుంచి 8 స్థానాల జట్లకు ప్లే-ఇన్ పెట్టారు. మన తెలుగు టైటాన్స్‌కు మాత్రం ఆ అవసరం రాలేదు. 8, 9, 10 సీజన్లలో వరసగా అట్టడుగు, 11లో ఏడో స్థానంతో ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయిన జట్టు.. ఈసారి నాలుగో స్థానం పట్టి నేరుగా ముందుకెళ్లింది. బెంగళూరును ఓడించి, క్వాలిఫయర్ 2 దాకా వెళ్లి పుణె చేతిలో ఓడింది.

చివరి వారం టేబుల్ ఎలా చూడాలంటే..

ముందు పాయింట్ల కాలమ్ కాదు, ఎన్ని మ్యాచ్‌లు ఆడారన్న కాలమ్ చూడండి. ఒక్క మ్యాచ్ తక్కువ ఆడిన జట్టు కింద కనిపించినా నిజానికి పైనే ఉండొచ్చు. మిగిలిన మ్యాచ్‌లన్నీ గెలిస్తే ఎంతవుతుందో వేయండి. ఆ నంబర్ నాలుగో స్థానంలో ఉన్న జట్టు ఇప్పటికే సంపాదించిన దాని కంటే తక్కువైతే, 'మ్యాథమెటికల్‌గా అవకాశం ఉంది' అన్న మాట నమ్మక్కర్లేదు. తర్వాత ఎవరితో ఎవరు ఆడాల్సి ఉందో చూడండి. పోటీలో ఉన్న రెండు జట్లే తలపడుతుంటే ఒకరు పోవడం ఖాయం. 2025 మే 21న ముంబై, ఢిల్లీ అలాగే తలపడ్డాయి. ముంబై 59 పరుగులతో గెలిచి చివరి బెర్త్ అక్కడికక్కడే తేల్చేసింది, రన్‌రేట్‌తో పనే పడలేదు.

ఇక మ్యాచ్ నడుస్తుంటే స్క్రీన్ మీద టార్గెట్ పక్కన ఒక్కోసారి రెండో నంబర్ కనిపిస్తుంది. దాన్ని వదలొద్దు. 2024 మే 18న చిన్నస్వామిలో ఆర్‌సీబీ 218 చేసింది. చెన్నై గెలవాలంటే 219. కానీ ప్లేఆఫ్స్‌కు వెళ్లడానికి ఓడినా పర్లేదు, 201 చేస్తే చాలు. చివరి ఓవర్‌కు కావాల్సింది 17. మొదటి బంతినే ధోనీ స్టేడియం బయటికి కొట్టాడు. ఇక 5 బంతుల్లో 11. రెండో బంతికి ధోనీ అవుట్. ఆ తర్వాతి నాలుగు బంతుల్లో యశ్ దయాళ్ ఇచ్చింది ఒక్క పరుగు. చెన్నై 191 దగ్గర ఆగింది. రెండు జట్లకూ 14 పాయింట్లే.. రన్‌రేట్ ఆర్‌సీబీది 0.459, చెన్నైది 0.392.